నీలిగీత చేపల ఊరు, పేరు

గడపలో క్రొత్తవాడు నిలిచినచో ముందుగా ఊరు పేరు అడుగుట మనవారి మర్యాద. గాజుతొట్టిలో పెంచుకొనుటకై చేపను కొనునపుడు మాత్రము ఈ రెండు ప్రశ్నలును మనకు తోచవు. రంగు చూతుము, వెల యడుగుదుము, నీళ్లసంచిలో వేయించుకొని ఇంటికి వత్తుము. నేడు రెండు చిన్న చేపల చరిత్ర చెప్పదలచితిని. ఒకదాని పేరు నియాన్, రెండవదాని పేరు కార్డినల్. రెండును బొటనవ్రేలి పొడవును మించనివి. రెండింటి మేనను నీలిగీత కలదు. రెండును దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీమండలమున పుట్టినవి. అంగడిలో ఒకదానిని చూపి రెండవదాని పేరు చెప్పుట కద్దు. ఈ తేడా యేమంత పెద్దదని మీరు అనుకొనవచ్చును. దీనివెనుక ఇద్దఱు పండితుల వివాదమును, ఒక అడవి యూరి బ్రతుకుతెరువును ఉన్నవి.

గడచిన వానకాలమున నా మేనల్లుడు ఆఱు చేపలను సంచిలో తెచ్చి నా ముందు పెట్టెను. "మామయ్యా, ఇవి నియాన్లని చెప్పి యిచ్చినారు. కాని మా యింట నున్నవానివలె లేవు. ఇవి యేమి చేపలు? ఉంచుకొందునా, తిరిగి యిచ్చివేయుదునా?" అని యడిగెను. సంచిని వెలుతురునకు పట్టి చూచితిమి. నియాన్ చేపకు ఎఱుపు నడుమునుండి తోకమొదటి వఱకే యుండును. ముందుసగము పొట్ట వెండివలె తెల్లగా నుండును. వీనికో, ఎఱుపు దవడ క్రిందినుండి తోకవఱకు ఎచ్చటను తెగకుండ సాగియున్నది. కావున ఇవి కార్డినల్ చేపలు. పేరు చెప్పుట నిమిషము పని. ఉంచుకొనవచ్చునా యన్నదానికి జవాబు చెప్పుటకు మాత్రము నాకు కొన్ని దినములు పట్టినది. ఆ దినములలో చదివి తెలిసికొన్న సంగతులే యివి.

ముందుగా నియాన్ కథ. 1930 దశకపు నడిమికాలమున ఆగుస్త్ రాబో అను ఫ్రెంచివాడు, పెరూ బ్రెజిల్ దేశముల సరిహద్దు దాపున ఎగువ అమెజాన్ అడవులలో తిరుగుచు ఈ చేపను చూచెను. ప్రాణముతో పట్టి సముద్రము దాటించి పారిస్ నగరమునకు చేర్పించెను. అటుపిమ్మట కొన్ని చేపలు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గాజుతొట్టి చేపలను గుఱించి పత్రిక నడపుచుండిన విలియం ఇన్నెస్ చేతికి వచ్చినవి. ఆయన వానిని జార్జి మయర్స్ అను మత్స్యశాస్త్రజ్ఞునికి పంపెను. మయర్స్ పరీక్షించి, ఇది లోకమునకు తెలియని జాతియని నిర్ణయించి, 1936లో హైఫెసోబ్రైకాన్ ఇన్నెసి అను పేరు పెట్టెను. చేపను పట్టినవాని పేరు గాక, పంపినవాని పేరు దానికి నిలిచినది. లోకమునందు ఇట్టివి క్రొత్తకావు.

వ్యవహారమున దానిని నియాన్ టెట్రా యనిరి. టెట్రా యన్నది టెట్రగొనోప్టెరస్ అను పూర్వపు శాస్త్రనామమునకు పొట్టిపేరు. నియాన్ అన్నది దీపమునుబట్టి వచ్చినది. జార్జి క్లాడ్ అను ఫ్రెంచి పండితుడు 1910లో పారిస్ ప్రదర్శనమున నియాన్ వాయువు నింపిన గాజుగొట్టపు దీపములను వెలిగించి చూపెను. తరువాతి యిరువది యేండ్లలో పెద్దనగరముల అంగళ్లమీద ఆ దీపములు వెలయుటచేత, ఈ చేపను చూచిన వారికి అదే పోలిక తట్టినది. ఆ కాలమున ఈ చేప మీది మోజు ఎంతటిదనిన, 1936లో కొన్ని చేపలు హిండెన్‌బర్గ్ అను జర్మను వాయునౌకలో అట్లాంటిక్ దాటి అమెరికా చేరినవి. మరుసటి యేడు మే నెలలో ఆ నౌకయే లేక్‌హర్స్టు వద్ద దిగబోవుచు కాలి బూడిదయైనది.

ఆ నీలిగీతను గుఱించి ఒక మాట చెప్పక ముందునకు సాగలేను. అది నీలిమందు వంటి రంగుపదార్థము కాదు. చర్మమునందలి కణములలో గ్వానిన్ అను పదార్థపు పలుచని పలకలు దొంతరలుగా పేర్చబడి యుండును. వెలుతురు ఆ దొంతరలమీద పడి తిరిగి వచ్చునపుడు నీలము పుట్టును. నెమలిపింఛమునందలి నీలమును వెలుతురు చేయు ఇట్టి మాయయే. పలకల నడిమి యెడము మాఱినచో రంగును మాఱును. రాత్రి దీపమార్పి చాలసేపైన తరువాత చూచినచో ఆ గీత వెలవెలబోయి ఊదారంగునకు దిగియుండును. ఇది యెఱుగనివారు నడిరేయి దీపము వెలిగించి చూచి, చేపలకు జబ్బు చేసినదని కంగారుపడి, తెల్లవాఱులోగా మందులు పోసి నిజముగనే చంపుకొందురు. నియాన్ చేపకు నిజమైన జబ్బొకటి లేకపోలేదు. 1941లో షేపర్‌క్లౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించిన సూక్ష్మజీవి యొకటి దాని కండలలో చేరి తెల్లని మచ్చలు పుట్టించును. అప్పుడు గీత ఒకచోట తెగి, పగటివేళ కూడ తిరిగిరాదు. పగలు చూచి నిర్ణయింపవలెనే కాని రాత్రి కాదు.

ఇక కార్డినల్ సంగతి. ఇరువది యేండ్లు గడచినవి. రియో నెగ్రో నది ప్రాంతమునుండి వచ్చిన చేపలలో నియాన్ వంటివే కొన్ని కనబడినవి. అవి కొంచెము పెద్దవి, ఎఱుపు మిక్కిలి నిండైనది. రోమను కథోలిక మతపెద్దలైన కార్డినళ్లు ధరించు ఎఱ్ఱని నిలువుటంగీని బట్టి వీనికి ఆ పేరు వచ్చినది. ఇది మంచి రంగుగల నియాన్ మాత్రమేనా, వేఱొక జాతియా? ఈ ప్రశ్నను ఒకే కాలమున ఇద్దఱు చేపట్టిరి. వాషింగ్టన్ లోని జాతీయ మ్యూజియమున లియొనార్డ్ షుల్ట్జ్ ఒకరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, నియానుకు పేరు పెట్టిన ఆ మయర్సే, తన సహచరుడైన స్టాన్లీ వైట్స్‌మన్‌తో కలిసి, రెండవవారు. ఇరుపక్షములును ఇది క్రొత్తజాతి యనియే తేల్చినవి. అంతవఱకు ఏకాభిప్రాయమే.

షుల్ట్జ్ వ్రాసిన వర్ణన హెర్బర్ట్ ఆక్సెల్‌రాడ్ ప్రకటించుచుండిన చేపలపెంపకపు పత్రికలో, ఆక్సెల్‌రాడ్ పేరిటనే కైరొడాన్ ఆక్సెల్‌రాడీ యను నామముతో, 1956 ఫిబ్రవరి 20వ తేదీన వెలువడినది. మయర్స్, వైట్స్‌మన్‌ల వర్ణన స్టాన్‌ఫర్డ్ విద్యాపత్రికలో హైఫెసోబ్రైకాన్ కార్డినాలిస్ అను నామముతో 1956 ఫిబ్రవరి 21వ తేదీన వెలువడినది. తేడా ఒక్క దినము! జంతువుల పేర్ల విషయమున ముందు ప్రకటించినదే చెల్లునన్నది నియమము. వివాదము ఆ పేర్ల తగవులు తీర్చు అంతర్జాతీయ సంఘమునకు పోయినది. 1957లో సంఘము షుల్ట్జ్ పక్షమున తీర్పు చెప్పినది.

తీర్పు నియమమునకు సరిపోయినదే. తేదీలు తప్ప మఱేమియు చూడరాదని నియమము చెప్పుచున్నపుడు ఎవరు మెఱుగుగా వర్ణించిరన్న ప్రశ్నకు తావు లేదు. అట్లని ఈ కథ చదివినపుడెల్ల నాకు మయర్స్ మీద జాలి కలుగుచునే యున్నది. మొదటి నీలిగీత చేపకు పేరు పెట్టినవాడు రెండవదానిని ఒక్క సూర్యోదయము తేడాలో పోగొట్టుకొనెను. పేరులోని మొదటిభాగము విషయమున కూడ ఇరువురికిని పొత్తు కుదరలేదు. దవడమీది పండ్లు ఒక వరుసయా, రెండు వరుసలా యన్నదానినిబట్టి అప్పటివారు ఈ చిన్నచేపల కుటుంబములను వేఱుచేయుచుండిరి. అంగుళమున్నర చేప నోట పండ్లు లెక్కించుట యెంత పనియో ఊహింపుడు. కడకు ఆ రెండు కుటుంబనామములలో ఏదియు నిలువలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ జెరీ 1960లో నియాన్ కొఱకు కల్పించిన పారాకైరొడాన్ అను పేరు క్రిందకు, 1983లో వైట్స్‌మన్, ఫింక్ అను ఇద్దఱు, ఈ రెండు చేపలను, జెరీయే 1963లో వర్ణించిన మూడవ నీలిగీత చేపను కూడ చేర్చిరి. ఆ మూడవది మఱింత చిన్నది. దాని యెఱుపు లేతది. నీలిగీత తోకమొదటి వఱకు సాగును. దానిని పచ్చనియాన్ అందురు. అంగడిలో అరుదుగా కనబడును కనుక దానిని ఇంతటితో విడిచెదను.

పేరు తేలినది. ఇక ఊరు.

రియో నెగ్రో అనగా నల్లనేఱు. దాని నీరు నిజముగనే కాచిన తేనీటి రంగున ఉండును. అడవిలో రాలిన ఆకులు మురిగి దిగిన రసమే దానికి కారణము. ఆ నీటిలో సున్నము మొదలగు లవణములు మిక్కిలి తక్కువ, పులుపు గుణము హెచ్చు. మనౌస్ నగరము వద్ద ఆ నల్లనీరు పసుపుచాయగల సొలిమోయిస్ నదితో కలిసి, కొన్ని మైళ్లదాక రెండు రంగులుగా ప్రక్కప్రక్కనే సాగును. ఈ నదిమీద 1850 మొదలు 1852 వఱకు తిరిగిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, డార్విన్‌తో పాటు పరిణామసిద్ధాంతమును ప్రతిపాదించిన ఆ వాలెసే, రెండువందలకు పైగా చేపల బొమ్మలు గీసెను. స్వదేశమునకు మరలునపుడు 1852 ఆగస్టులో నడిసముద్రమున ఓడ కాలి, ఆయన ప్రోగుచేసిన నమూనాలన్నియు పోయినవి. తగరపుపెట్టెలో పెట్టుకొన్న చేపల బొమ్మలు మాత్రము దక్కినవి. అవి పుస్తకరూపమున వెలువడినది 2002లో.

పండితులకంటె ముందు చేపకు పేరు పెట్టువాడు జాలరి. 1780 దశకమున మన విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఈ సంగతి గ్రహించినవాడు. విశాఖ చేపలు రెండువందలింటిని వర్ణించుచు ఆయన 1803లో ప్రకటించిన గ్రంథమున, స్థానికుల నోట విన్న పేర్లను చేపచేపకు వ్రాసియుంచెను. నల్లనేటి యొడ్డున చిన్నచేపకు పియాబా యని పేరు. వానిని పట్టువాడు పియాబెయిరో. కార్డినల్ చేప కథలో అసలు మనుష్యులు ఈ పియాబెయిరోలే. వారి ముఖ్యపట్టణము బార్సెలొస్. మనౌస్ నుండి నదిమీద ఎగువకు ఇంచుమించు 400 కిలోమీటర్ల దూరము.

వారు చేపలను పట్టు తీరు చూడుడు. వఱద కాలమున నది పొంగి అడవిలోనికి చొచ్చును. చెట్ల మొదళ్లు మునిగి, కొమ్మల నడుమ చేపలు తిరుగును. నీరు తీయనారంభించినపుడు చిన్నదోనెలో తెడ్డు వేసికొనుచు అడవి వాగులలోనికి పోయి, తుంగవంటి గడ్డి నీడల వెదకి, చేతివలతో మెల్లగా తోలి, గుంపులు గుంపులుగా ఎత్తుదురు. మరపడవ లేదు, మందు లేదు, నేల త్రవ్వుట లేదు. పట్టిన చేపలను ప్లాస్టిక్ తొట్లలో ఉంచి, రాత్రింబగళ్లు ప్రయాణము చేయు నదీపడవలమీద మనౌస్ చేర్తురు. అక్కడినుండి విమానములలో ఖండాంతరములకు పోవును. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో అక్కడినుండి ఏటేట ఎగుమతియైన చేపలు కోట్లలెక్కన ఉండెను. అందు పదింట ఎనిమిది పాళ్లు కార్డినల్ చేపలే. బార్సెలొస్ ప్రాంతపు ఆదాయమున సగమునకు పైగా ఈ చిన్నచేపనుండియే వచ్చుచుండెనని అక్కడ పరిశోధించినవారు వ్రాసినారు. ఆ యూర చేపల పండుగ యొకటి జరుగుచు వచ్చినది. అందు ప్రజలు రెండు జట్లుగా చీలి ఆటపాటలలో పోటీపడుదురు. ఒక జట్టు పేరు కార్డినల్, రెండవదాని పేరు డిస్కస్. అదియు గాజుతొట్టి చేపయే.

ఇచ్చట మన ధర్మసందేహము పుట్టును. అడవిలో స్వేచ్ఛగా తిరుగు ప్రాణిని పట్టి తెచ్చి పెట్టెలో పెట్టుట తప్పుకాదా? చెఱువులో పెంచిన చేపయైన మేలు కదా? నేనును మొదట ఈ వైపునకే మొగ్గితిని. నియాన్ విషయమున ఆ మార్పు ఏనాడో జరిగిపోయినది. దాని గ్రుడ్లు వెలుతురునకు ఓర్వవనియు, మెత్తని నీటిలోగాని పొదుగవనియు తెలిసిన పిమ్మట పెంపకము కుటీరపరిశ్రమగా సాగినది. 1990 దశకమున అమెరికాకు నెలకు సగటున 18 లక్షల నియాన్లు దిగుమతి యగుచుండగా, వానిలో నూటికి అయిదింటికి మించి అడవివి లేవు. మిగిలినవన్నియు ఆసియాఖండపు తొట్లలో పుట్టినవే. నియాన్ కొనువాడు అమెజాను నుండి ఏమియు తీసికొనుట లేదు. ఏమియు ఇచ్చుటయు లేదు.

కార్డినల్ లెక్క వేఱు. ఏటేట వఱద తీసినపుడు ఇంకిపోవు మడుగులలో చిక్కి ఈ చేపలు లెక్కకు మిక్కిలిగా చచ్చును. అడవిలో పెక్కింటి యాయువు ఒక్క యేడాది. గాజుతొట్టిలో నాలుగైదేండ్లు బ్రతుకగలవు. అట్లు పట్టినంతమాత్రమున నదిలో జాతి తరుగుట లేదని, 1989 నుండి బార్సెలొసులో పనిచేసిన నింగ్ లాబిష్ చావో అను ఆచార్యుడును, ఆయన మొదలుపెట్టిన పియాబా పరిశోధన బృందమును చెప్పుచు వచ్చిరి. వారి వాదమున ముఖ్యమైన సంగతి మఱొకటి. చేప అడవినీటిలో పుట్టును. అడవి నఱికినచో చేప లేదు. కనుక చేపమీద బ్రతుకువాడు అడవిని కాచును. ఆ చేపనే వేఱొక ఖండమున తొట్టిలో పుట్టించి చౌకగా అమ్మినచో బార్సెలొసువాడు దోనె యొడ్డుకు లాగి మఱొక పని చూచుకొనును. ఆ పని చెట్టు కొట్టుటయో, బంగారమునకై నేల త్రవ్వుటయో కావచ్చును. 2000 తరువాత కార్డినల్ చేపను కూడ పెంపకపు తొట్లలో పుట్టించుట హెచ్చినది. నల్లనేటి ఎగుమతి తగ్గినది. ఈ వాదము ప్రతి చేపకును, ప్రతి నదికిని అన్వయింపదు. దారిలో చచ్చు చేపల మాట అట్లే యుండనే యున్నది. కాని ఈ యొక్క చేప విషయమున, అడవినుండి తెచ్చినది గనుక పాపమని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు.

మేనల్లునికి చెప్పిన జవాబులో ఇది సగము. తక్కిన సగము నీటిని గుఱించినది. మన బావులలో, బోరులలో దొరకునది చాలవఱకు సున్నపు పాలెక్కువైన కఠినజలము. తొట్టిలో పుట్టిన నియాన్ తరతరములుగా పలువిధముల నీళ్లకు అలవాటుపడినది, కొంత ఓర్చును. నల్లనేటినుండి వచ్చిన కార్డినల్ అంతగా ఓర్వదు. వాననీరు పట్టి నిలువచేసి, లేదా శుద్ధిచేసిన మెత్తని నీటిని కలిపి, ఆఱింటికి తగిన తొట్టి ఏర్పఱచి, క్రొత్తనీటికి గంటసేపు మెల్లమెల్లగా అలవాటు చేసినచో ఉంచుకొమ్మంటిని. ఆ శ్రమ పడలేనిచో ఆ దినమే తిరిగి యిచ్చివేయుమంటిని. మూడవదారి యొకటి చాలమందికి తోచును, చెఱువులోనో కాలువలోనో విడిచిపెట్టుట. దానిని మాత్రము తలపెట్టవద్దని గట్టిగా చెప్పితిని.

అందులకు కారణము మన కృష్ణా గోదావరులలోనే యున్నది. అదే దక్షిణ అమెరికానుండి, అద్దమును నాకి పాచి తినునని తెచ్చి అమ్ముచుండిన చేప యొకటి కలదు. ఒంటినిండ ఎముకపలకలు, క్రిందికి తిరిగిన జలగనోరు. కొనినపుడు రెండంగుళములు, పెరిగినచో అడుగున్నర. తొట్టి పట్టక జాలిపడి నీళ్లలో విడిచిన వారివలన అది మన నదులలో, చెఱువులలో సంసారము పెట్టినది. జాలరుల వలలలో పడి దాని ముండ్లతో వలలు చింపును. గట్లలో బొఱియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. తినువారు లేరు, అమ్ముడుపోదు. దెయ్యపుచేప యని కొందఱు పేరు పెట్టినారు. దానిని కొని తెచ్చిన మొదటి దినముననే దాని పేరును, పెరిగిన పిదప దాని పొడవును ఎవరైన అడిగియుండినచో ఈ నష్టము చాలవఱకు తప్పియుండెడిది.

కార్డినల్ చేప ఊరిని గుఱించి చివరగా ఒక వార్త. తిరుపతి లడ్డునకును, పోచంపల్లి నేతకును మన ప్రభుత్వము ఇచ్చిన భౌగోళిక గుర్తింపును మీరు వినియే యుందురు. ఆ పేరుతో ఆ చోటిదే అమ్మవలెనన్నది దాని భావము. బ్రెజిల్ దేశము అట్టి గుర్తింపును 2014లో రియో నెగ్రో అలంకారపు చేపలకు ఇచ్చినది. తొట్టిలో పుట్టిన చేపకు ఆ ముద్ర చెల్లదు. నల్లనేటిలో పియాబెయిరో పట్టినదానికే చెల్లును. మన యంగళ్ల గాజుతొట్లపై వెల చీటీలు చాల చూచితిని. ఏ నీటినుండి వచ్చినదో తెలుపు చీటీ ఇంతవఱకు నా కంట పడలేదు.